పెద్దవాళ్ళ ఆరోగ్యం, వాళ్ళుండే వీధి: అపోహలు – వాస్తవాలు

పెద్దవాళ్ళ ఆరోగ్యం అనగానే మన మాటలన్నీ బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పుల చుట్టూనే తిరుగుతాయి. డాక్టర్లు కూడా ఏం తింటున్నారు, మాత్రలు వేళకు వేసుకుంటున్నారా అని అడుగుతారు. గుమ్మం దిగితే నడవడానికి దారుందా, రోజుకి ఒక్కరైనా పలకరిస్తున్నారా అని అడిగేవాళ్ళు అరుదు. ఈ రెండింటికీ ఆయుష్షుతో సంబంధం ఉందని ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. అయినా మన ఇళ్ళలో కొన్ని నమ్మకాలు కదలకుండా ఉన్నాయి. ప్రేమకొద్దీ నమ్ముతున్నవే ఎక్కువ, అందుకే వాటి గురించి గట్టిగా మాట్లాడుకోవాలి.

అపోహ: ఆరోగ్యం ఒంట్లో ఉండేది, వీధికి దాంతో ఏం పని?

1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరం వడగాడ్పులకు అల్లాడిపోయింది. 700 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది కిటికీలు బిగించుకుని, ఒంటరిగా గదుల్లో ఉండిపోయిన ముసలివాళ్ళు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ మరణాలను పేటలవారీగా పరిశీలించి 2002లో పుస్తకంగా తెచ్చారు. అందులో పక్కపక్కనే ఉన్న రెండు పేటల కథ ఉంది: నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండుచోట్లా పేదరికం ఉంది, ఒంటరిగా బతికే వృద్ధులూ దాదాపు అంతే మంది. ఎండ ఎలాగూ ఒకటే. కానీ నార్త్ లాన్‌డేల్‌లో లక్షకు 40 మంది చనిపోతే, సౌత్ లాన్‌డేల్‌లో లక్షకు నలుగురే.

తేడా వీధిలో ఉంది. నార్త్ లాన్‌డేల్‌లో ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, వాటి వెనకే దుకాణాలూ పోయాయి. ఖాళీ స్థలాలు, పాడుబడ్డ ఇళ్ళు, దొంగల భయం. ముసలివాళ్ళు తలుపు తీయడానికే జంకేవారు. సౌత్ లాన్‌డేల్ మెక్సికో నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పేట. పొద్దస్తమానం తెరిచి ఉండే కొట్లు, ఫుట్‌పాత్ మీద అమ్మకాలు, జనం. ముసలాయన ఉక్క భరించలేకపోతే నాలుగడుగులు వేసి చల్లగా ఉన్న దుకాణంలోకి వెళ్ళి కూర్చునేవాడు. తర్వాత నగరమంతటి లెక్కలు తీసిన ఇతర పరిశోధకులు కూడా, వ్యాపారాలు చితికిపోయిన పేటల్లోనే ఆ వారం పెద్దవాళ్ళ మరణాలు ఎక్కువని తేల్చారు.

ఇది మనకు దూరపు కబురు కాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలు ముదరగానే మనం చలివేంద్రాలు పెడతాం, మజ్జిగ పంచుతాం. మంచి పనే. కానీ మూడో అంతస్తులో తలుపేసుకుని ఉన్న మామ్మగారు చలివేంద్రం దాకా రాలేరు. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ తలుపు తట్టే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఎవరో మార్చిలోనే అనుకుని పెట్టుకున్న అపార్ట్‌మెంట్లు ఎన్ని ఉంటాయి?

అపోహ: ఆరోగ్యంగా, కలిగి ఉన్నవాళ్ళే మంచి పేటల్లో చేరతారు. పేట చేసేదేమీ లేదు.

ఈ అనుమానం న్యాయమైనదే. దీన్ని తేల్చాలంటే మనుషులకు లాటరీ వేసి పేట మార్చాలి. 1990లలో అమెరికా ప్రభుత్వం అయిదు నగరాల్లో సరిగ్గా అదే చేసింది. నిరుపేద వాడల్లో ఉన్న కుటుంబాల్లో కొందరికి లాటరీ ద్వారా, పేదరికం తక్కువగా ఉన్న పేటల్లో అద్దెకు దిగే సాయం అందింది. పది, పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, ఆ అవకాశం దక్కిన స్త్రీలలో మితిమీరిన ఊబకాయం, షుగరు వ్యాధి తక్కువగా కనిపించాయి. వాళ్ళు వృద్ధులు కారు, నడివయసువాళ్ళు. కానీ నడివయసులో వచ్చిన షుగరే కదా డెబ్భైలలో కళ్ళనీ, కిడ్నీలనీ పట్టుకునేది.

అపోహ: ఇంటినిండా మనుషులుంటే ఒంటరితనం ఎక్కడిది?

మన ఉమ్మడి కుటుంబాల మీద గౌరవంతో అనుకునే మాట ఇది. కాలిఫోర్నియా పరిశోధకులు అరవై దాటిన 1,604 మంది వివరాలను ఆరేళ్ళ పాటు పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఒంటరిగా అనిపిస్తోందన్నవాళ్ళు 43 శాతం. వాళ్ళలో ఎక్కువమంది ఒంటరిగా ఉంటున్నవాళ్ళు కానే కారు. స్నానం, బట్టలు కట్టుకోవడం లాంటి సొంత పనులు చేసుకునే శక్తి ఒంటరితనం ఉన్నవాళ్ళలో నలుగురిలో ఒకరికి తగ్గింది, లేనివాళ్ళలో ఎనిమిదిమందిలో ఒకరికి. 

మన ఇళ్ళలో ఎలా ఉంటుందో చూడండి. కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు, ఆపైన ట్యూషన్‌కు. రాత్రి తొమ్మిదింటికి అందరూ హాల్లోనే ఉంటారు, ఎవరి ఫోను వాళ్ళది. పెద్దాయనకు వేళకు కాఫీ, టిఫిను, మాత్రలు అందుతాయి. మాట అందదు. చెవుడు కూడా తోడైతే మరీ కష్టం, రెండోసారి గట్టిగా చెప్పే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. ఈడు కలిసిన మనిషి వీధిలోనో, గుళ్ళోనో, మసీదు దగ్గరో, చర్చిలోనో దొరకాలి. ఆ లోటు కన్నబిడ్డలు ఎంత మంచివాళ్ళయినా పూరించలేరు.

అపోహ: బయటికెళ్తే పడతారు, ఇంట్లో కూర్చుంటేనే భద్రం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఇది ప్రేమతో విధించే గృహనిర్బంధం. పెద్దవాళ్ళు పడేది వీధిలోనే కాదు, తడి బాత్‌రూములో, గుమ్మం దగ్గర, రాత్రి చీకట్లో మంచం దిగుతూ కూడా. నడక మానేస్తే తొడ కండరాలు కొద్ది వారాల్లోనే నీరసిస్తాయి. అప్పుడు ఇంట్లోనే పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అయితే పిల్లల భయం ఉత్తదేమీ కాదు. మన ఊళ్ళలో ఏ మెయిన్‌రోడ్డు ఫుట్‌పాత్ అయినా ఒక్కసారి ముసలివాళ్ళ కాళ్ళతో నడిచి చూడండి. ఎక్కడానికే అడుగు పైన ఎత్తు. పది గజాలు వెళ్ళేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దిగాలి. మళ్ళీ ఎక్కితే డ్రైనేజీ మీద కదిలే బండ. ఆ పైన పార్క్ చేసిన బైకులు. చివరికి బస్సులూ ఆటోలూ దూసుకొచ్చే రోడ్డు మీదే నడక. పడితే తప్పు మోకాళ్ళదా, మున్సిపాలిటీదా?

రోడ్డు దాటడం సంగతి సరేసరి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్క మీద చాలా దేశాల్లో సిగ్నళ్ళు పెడతారు. ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ళ నడక కొలిస్తే పురుషుల సగటు 0.9 మీటర్లు, స్త్రీలది 0.8. అంటే 12 మీటర్ల రోడ్డుకు పది సెకన్లిస్తే, ఆవిడకు పదిహేను పడుతుంది. మిగతా అయిదు సెకన్లూ వాహనాల మధ్యే. ఇక సిగ్నలే లేని మన కూడళ్ళలో చెయ్యెత్తుకుని దాటాల్సిందే. దానికి భయపడి కూరగాయల బజారు మానేసిన పెద్దలు ప్రతి కాలనీలోనూ ఉన్నారు.

ఇంకొకటి, ఆడవాళ్ళు పైకి చెప్పనిది. బజారులో శుభ్రమైన మరుగుదొడ్డి లేదని పొద్దుటి నుంచే నీళ్ళు తాగడం మానేసి బయల్దేరతారు. ఎండలో ఆ వయసులో అది ఒంటికి ఎంత చేటో చెప్పనక్కర్లేదు.

అపోహ: కాలనీకో పార్కు ఉంటే చాలు.

పార్కు మంచిదే. టోక్యోలో మూడు వేల పైచిలుకు వృద్ధులను అయిదేళ్ళు గమనిస్తే, నడవడానికి వీలైన పచ్చదనం ఇంటి దగ్గర ఉన్నవాళ్ళే ఎక్కువగా బతికి ఉన్నారు. అక్కడ అసలు మాట నడవడానికి వీలుగా, ఇంటి దగ్గర అన్నది. రెండు మెయిన్‌రోడ్లు దాటి వెళ్ళాల్సిన పార్కు, పొద్దున తొమ్మిదికే తాళం పడే పార్కు, ఆనుకోవడానికి వీపు లేని బల్లలున్న పార్కు ఫొటోలకే పనికొస్తుంది. కిరాణా కొట్టు ముందు నీడలో వేసిన రెండు కుర్చీలు దానికంటే ఎక్కువ మేలు చేస్తాయి.

అపోహ: ఈ వయసులో వాళ్ళకు కావలసింది విశ్రాంతి.

1990లలో అమెరికాలోని బాల్టిమోర్‌తో సహా కొన్ని నగరాల్లో, పెద్దవాళ్ళను ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు చదువు చెప్పే సాయానికి పిలిచారు. ఎక్స్‌పీరియన్స్ కోర్ అని దాని పేరు. వారానికి పదిహేను గంటలు. పిల్లల సంగతి అటుంచితే, పెద్దల నడక పెరిగింది, పలకరింపులు పెరిగాయి. వాకింగ్‌కు వెళ్ళమంటే బద్ధకించేవాళ్ళు, నీకోసం పిల్లలు ఎదురుచూస్తున్నారంటే లేచి వెళ్తారు.

అన్నీ ఇంటికే రావడం కూడా రెండు వైపులా పదునున్న సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతినెలా ఒకటో తేదీన గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచం పట్టినవాళ్ళకు అది వరం, నెలకోసారి వాళ్ళ మొహం చూసే మనిషి దొరికినట్టు కూడా. ఆ మనిషికి మరో రెండు నిమిషాలు కూర్చునే వీలు, ఏదైనా తేడాగా ఉంటే ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంకు చెప్పే బాధ్యత ఉంటే అంతకంటే మంచి కాపలా లేదు. కాళ్ళాడే పెద్దలకు మాత్రం పాలు, కూరలు, మందులు అన్నీ యాప్‌లో తెప్పించి, బయటికెళ్ళే కారణమే లేకుండా చేయకండి.

అపోహ: పల్లెటూళ్ళో అయితే బెంగ లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 దాటిన ప్రతి పదిమందిలో ఏడుగురు పల్లెల్లోనే ఉన్నారు. అరుగులు ఉన్నాయి, రచ్చబండ ఉంది, వరసపెట్టి పిలిచే మనుషులూ ఉన్నారు. కానీ పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్ళిపోయాక ఆ అరుగుల మీద మిగిలినవాళ్ళందరూ ఆ ఈడువాళ్ళే. గుండె పట్టేసినట్టుంటే మోటారుసైకిల్ తీసేవాడు ఆ వీధిలో లేడు. 

ఇలాంటి ఊళ్ళలో మిగిలే ఆధారం బస్సు. స్త్రీలకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆస్పత్రికో, కూతురింటికో, సంతకో వెళ్ళడానికి ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. అయితే మోకాళ్ళు అరిగినావిడకు బస్సు మొదటి మెట్టే కొండ. స్టాపులో నీడ, కూర్చోడానికి ఒక దిమ్మె, ఆవిడ ఎక్కేదాకా బండి కదపని డ్రైవరు, ఈ మూడూ ఉంటేనే ఆ ఉచితం ఆవిడకు అందుతుంది.