ముదురు బూడిద రంగు: డబ్బాలో చౌక, గోడపై ప్రియం

సంక్రాంతికి ముందు ఇళ్లకు రంగులు వేయించే రోజుల్లో పెయింట్ల షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది తెలుపు, లేత వన్నెలే. అయితే హాలులో ఒక్క గోడకైనా ముదురు బూడిద రంగు కావాలని అడిగేవారు ఇటీవలి కాలంలో కనిపిస్తున్నారు. ముదురు రంగు కనుక ధర కూడా ఎక్కువే వుంటుందని కొనేవారిలో ఒక అభిప్రాయం వున్నది. ముడిసరకుల లెక్క చూస్తే సంగతి ఇందుకు భిన్నం.

పెయింటులో ప్రియమైన సరకు నలుపు కాదు, తెలుపు. తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ పొడి మేలురకం తెల్ల ఎమల్షన్‌లో బరువులో సుమారు అయిదో వంతు వుంటుంది. పాత మరకలను కప్పే శక్తి దానిదే. సముద్రతీరపు ఇసుకలో దొరికే ఇల్మనైట్ దీనికి మూలం. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాలలో ఈ ఖనిజం వున్నా, పొడిని తయారుచేసే ముఖ్యమైన కర్మాగారాలు రెండు కేరళలో వున్నాయి. ఒకటి 1946లో స్థాపితమైన ట్రావన్‌కోర్ టైటానియం, రెండవది చవరలోని కేరళ మినరల్స్ అండ్ మెటల్స్. దేశీయ ఉత్పత్తి అవసరానికి చాలదు. మిగిలినది దిగుమతి కావాలి, అందులో అధికభాగం చైనా సరకు. అందువల్ల డాలరు పెరిగినా, సుంకం మారినా ముందుగా ఆ వేడి తగిలేది తెల్ల డబ్బాకే.

నలుపు సంగతి వేరు. చమురు శుద్ధిలో మిగిలే బరువైన నూనెలను చాలీచాలని గాలిలో మండించి కార్బన్ బ్లాక్ తయారుచేస్తారు. ఇందులో చాలావరకు టైర్ల పరిశ్రమకే పోతుంది. రంగులకు వెళ్లేది కొద్దిపాటి భాగం. పైగా ఈ మసికి రంగునిచ్చే బలం ఎక్కువ, కొంచెం వేసినా డబ్బా అంతా నల్లబడుతుంది. వెలుతురును పీల్చుకునే గుణం వల్ల కింది రంగును కూడా బాగా కప్పుతుంది. ముదురు ఎరుపు, నిమ్మపండు పసుపు వంటి వాటికి వాడే రసాయనిక రంగులు ఇంతకంటే చాలా ఖరీదు, కప్పే శక్తి తక్కువ. ముదురు షేడ్లలో బూడిద రంగు జేబుకు తేలిక అనడానికి కారణం ఇదే.

నీలమో, గోధుమో పొడచూపని అచ్చమైన బూడిద తేవడంలోనే చిక్కు వున్నది. ముతక మసి తెలుపుతో కలిస్తే నీలివన్నెకు, మెత్తని మసి గోధుమవన్నెకు మొగ్గుతుంది. నీలం తేలినప్పుడు దానిని అణచడానికి చిటికెడు పసుపు ఆక్సైడ్ చేర్చుతారు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో దొరికే పసుపు మట్టి కూడా ఈ జాతిదే. షాపులోని యంత్రం ఈ పాళ్లు చుక్కల లెక్కన సరిగానే పోస్తుంది గాని, షాపు ట్యూబ్‌లైటు కింద చూసిన వన్నె ఇంటి కిటికీ వద్ద అలాగే వుంటుందన్న హామీ లేదు. చిన్న డబ్బా తెచ్చి గోడపై రెండడుగుల మేర పూసి, పగలూ రాత్రీ చూసుకున్నవారికే నష్టం తక్కువ.

అసలు ఖర్చు గోడపై వస్తుంది. లేత రంగు దాచే లప్పం గీతలు, ఎగుడుదిగుళ్లు ముదురు గోడపై పక్కవెలుతురు పడగానే బయటపడతాయి. కనుక లప్పం, ఉప్పుకాగితం పని రెట్టింపు అవుతుందనుకోవాలి. మెరుపులేని రకంపై గోరు తగిలినా తెల్లగీత మిగులుతుంది. చెమ్మ ఎక్కే గోడలపై చౌడు తెల్లగా పూస్తే తెల్ల గోడపై కనిపించదు, ఇక్కడ ఆమడ దూరానికి కనిపిస్తుంది. కోస్తాలో కింది అంతస్తు గోడలకు ఈ రంగు ఎంచుకునేవారు ముందు చెమ్మ సంగతి తేల్చుకోవడం మంచిది.

వెలుతురు లెక్క కూడా వున్నది. తెల్ల గోడ తనపై పడిన వెలుతురులో నూటికి 80 వంతులకు పైగా తిప్పి ఇస్తుంది. ముదురు బూడిద ఇచ్చేది పది వంతుల ప్రాంతం. నాలుగు గోడలకూ వేస్తే ఒక దీపం సరిపోయిన గదికి మరికొన్ని కావాలి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల ఒక్క గోడకైతే రెండు లీటర్లతో రెండు కోటింగులు పూర్తవుతాయి, దీపాల బెడద అంతగా వుండదు.

అద్దె ఇళ్ల యజమానులకు మరొక చిక్కు వున్నది. అద్దెదారు మారినప్పుడు తిరిగి తెలుపు చేయాలంటే ప్రైమరు మీద రెండు కోటింగులతో ఆగకపోవచ్చు, మూడవది కూడా పడుతుంది. బూడిద డబ్బాలో మిగిలిన టైటానియం ఖర్చు అప్పుడు కూలితో సహా కట్టవలసి వస్తుంది. అద్దె ఒప్పందం రాసేటప్పుడే ఈ ఖర్చు ఎవరిదో తేల్చుకోవాలి.

గోడపై గీతలు పడితే దిద్దడానికి అదే కలుపులోని అరలీటరు దాచుకోవాలి. మరోసారి కలిపించినది అతుకులా కనబడవచ్చు. షేడు సంఖ్య, బేస్ రకం, కలిపిన తేదీ వున్న చీటీని చింపకుండా డబ్బా మూతపైనే వుంచాలి.