మీకు తెలుసా? నడుము చూసి కాన్పు చెప్పలేం
‘నడుము వెడల్పు, సుఖప్రసవమే’ అంటారు పెద్దవాళ్లు. కానీ బిడ్డ దాటాల్సిన ఎముకల దారి పైకి కనపడదు. 1933లో అమెరికా వైద్యులు కాల్డ్‌వెల్, మొలాయ్ ఆ దారిని, అంటే స్త్రీల కటి వలయాన్ని నాలుగు రకాలుగా విభజించారు. గుండ్రటిది కాన్పుకు అనువు. హృదయాకారంలో ఉండేదాంట్లో మధ్యభాగం ఇరుకు. రెండు పక్కలా ఎముక మొనలు లోపలికి పొడుచుకొస్తాయి. మామూలుగా ఆ మొనల మధ్య ఎడం 10 సెంటీమీటర్లు. నెలలు నిండిన బిడ్డ తల అడ్డంగా దాదాపు 9.5! తల సరిగ్గా తిరగకపోతే అక్కడే ఆగిపోవచ్చు. నొప్పులు బాగానే వస్తున్నా బిడ్డ దిగదు. అప్పుడు సిజేరియన్ అవసరం కావొచ్చు. ముందే కొలిచి చెప్పొచ్చుగా అంటారా? నొప్పుల్లో తల్లి కటి కీళ్లు కాస్త సడలుతాయి, బిడ్డ పుర్రె ఎముకలు ఒకదానిపైకొకటి జరుగుతాయి. అందుకే ఎక్స్‌రే కొలతలను నమ్ముకోవడం డాక్టర్లు దాదాపు మానేశారు.