గడ్డి మీద పడింది పాలలో తేలుతుంది!

అణు కేంద్రం చుట్టూ గాలినీ నీళ్లనూ పరీక్షిస్తారంటే సరే. మరి ఊళ్లోకొచ్చి పాలు, గుప్పెడు గడ్డి, కాసిని బియ్యం ఎందుకు పట్టుకుపోతారు? చెన్నైకి దక్షిణాన 70 కిలోమీటర్ల దూరంలోని కల్పాక్కంలో జరిగేది ఇదే. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం దగ్గర కూడా భాభా అణు పరిశోధన కేంద్రం వెలిసింది కాబట్టి ఈ సంగతి మనకూ అవసరమే.

కల్పాక్కంలో పరిశోధన కేంద్రం 1971లో మొదలైంది. పరిసరాల పరీక్షకు ప్రయోగశాల 1974లో పెట్టారు. విద్యుత్ రియాక్టర్ పనిచేసింది 1983లో. అంత ముందుగా ఎందుకంటారా? దూడ ఎంత ఎదిగిందో చెప్పాలంటే పుట్టినప్పటి బరువు తెలియాలి కదా! పైగా అక్కడి ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉంది. మన భీమిలి తీరంలోనూ ఉంది. దానివల్ల సహజంగా ఉండే రేడియేషన్ ఎంతో ముందే రాసిపెట్టుకోకపోతే, తర్వాత పెరిగిందో లేదో ఎవరూ తేల్చలేరు.

పాలే ఎందుకు?

రియాక్టర్లో ప్రమాదం జరిగితే బయటపడే వాటిలో అయోడిన్-131 ఒకటి. అది పచ్చిక మీద పడుతుంది. ఆవు రోజంతా మేసి, ఆ నేల మీద పడ్డదంతా కూడగట్టి పాలలోకి తెస్తుంది. ఆ పాలు తాగిన పసిపిల్లల థైరాయిడ్ గ్రంథిలో అది చేరుతుంది. 1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్‌లో, బాంబులకు ప్లుటోనియం తయారుచేసే రియాక్టర్ తగలబడింది. సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు అమ్మకుండా ఆపి పారబోయించారు. పాలను పరీక్షించబట్టే ఆ ముప్పు బయటపడింది.

అయితే ఒక ఊరట. అయోడిన్-131 ప్రతి 8 రోజులకూ సగమైపోతుంది. 80 రోజులకు వెయ్యో వంతు మిగులుతుంది. సీసియం-137 అలా కాదు. సగం కావడానికే 30 ఏళ్లు పడుతుంది. అందుకే మట్టినీ వదలకుండా పరీక్షిస్తారు.

భయపడాలా?

పాలలో రేడియోధార్మికత ఉందనగానే బెంబేలు పడొద్దు. మీరు చేలో చల్లే పొటాష్‌లోనూ సహజమైన పొటాషియం-40 ఉంటుంది. ఏ ఊరి పాలలోనైనా అది కనిపిస్తుంది. ఉందా లేదా అన్నది కాదు, ఏది ఎంత ఉందన్నదే ముఖ్యం. అణు కేంద్రాల వల్ల ప్రజలకు అదనంగా అందే మోతాదు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది మన దేశంలో నిబంధన.

రైతు చేయాల్సింది

ప్రమాద హెచ్చరిక వస్తే పశువులను మేతకు వదలకండి. కొట్టంలో కట్టేసి, కప్పి ఉంచిన ఎండుగడ్డి వేయండి. బావి మీద మూత పెట్టండి. అధికారులు చెప్పేదాకా పాలు పోయకండి.

మామూలు రోజుల్లో శాంపిలు అడిగితే కాదనకండి. ఇచ్చి ఊరుకోనూ వద్దు. ఏ పదార్థం, లీటరుకు ఎంత, నిరుడు ఎంత - ఈ మూడూ అడగండి. పుకారు పుడితే ముందు పడిపోయేది మీ పాల ధరే. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ లెక్కే.