తొలి విలువ లేని వేరియబుల్: సీ భాషలో కంటికి కనిపించని చిక్కు

భిలాయ్: నెహ్రూ నగర్‌లోనైనా నెల్లూరులోనైనా, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో సీ భాష నేర్చుకునే విద్యార్థిని తికమకపెట్టే పొరపాటు ఒకటుంది. ఐదు సబ్జెక్టుల మార్కులు కూడే ప్రోగ్రామ్ ఇంట్లో 400 అని సరిగ్గానే చూపుతుంది. కళాశాల ల్యాబ్‌లో మాత్రం పొంతన లేని అంకె వస్తుంది. కోడ్‌లో అక్షరం కూడా మారలేదు. మొత్తాన్ని దాచే వేరియబుల్‌ను ప్రకటించారే గాని, దానికి తొలి విలువగా సున్నా ఇవ్వలేదు.

ఉక్కు కర్మాగారం ఉన్న ఊరివారికి దీనిని వేబ్రిడ్జితో చెప్పడం తేలిక. కాటా సున్నా వద్ద ఉందో లేదో చూడకుండా లారీని ఎక్కిస్తే, అది చూపే బరువును నమ్మలేము. ఫంక్షన్ లోపల ప్రకటించిన వేరియబుల్‌కు సాధారణంగా స్టాక్ అనే మెమరీ భాగంలో చోటు దక్కుతుంది. అంతకుముందు ముగిసిన మరో ఫంక్షన్ అక్కడ వదిలివెళ్లిన బిట్లను ఎవరూ తుడవరు. ఆ శేషం సున్నా అయితే జవాబు సరిగ్గా వస్తుంది. ఇలా అదృష్టవశాత్తూ వచ్చే సరైన జవాబే ఎక్కువ ప్రమాదకరం. లోపం పరీక్షలన్నీ దాటి వెళ్లిపోతుంది. గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్‌కు మాత్రం సీ ప్రమాణం సున్నాను హామీ ఇస్తుంది. అన్నీ సున్నాతోనే మొదలవుతాయన్న భ్రమకు ఇదీ ఒక కారణం.

1970ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషను రూపొందించిన నాటి యంత్రాలలో మెమరీ, వేగం రెండూ పరిమితమే. వెంటనే మార్చబోయే విలువను ముందుగా సున్నా చేయడం వృథా శ్రమగా ఉండేది.

ఈ విషయంలో అనుభవజ్ఞులూ చిక్కుకున్న ఉదంతం డెబియన్‌ది. రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్ తొలి విలువ లేని మెమరీని వాడుతోందని వాల్‌గ్రైండ్ అనే పరీక్షా సాధనం హెచ్చరించింది. ఆ హెచ్చరికను తొలగించేందుకు డెబియన్ నిర్వాహకులు 2006లో రెండు వరుసలు తీసేశారు. వాటిలో ఒకటి నిజమైన యాదృచ్ఛిక సమాచారం లోపలికి వచ్చే దారి. ఇక మిగిలింది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. అది సాధారణంగా 32,768 విలువలకు మించదు. 2008 మే 13న ఈ లోపం వెల్లడయ్యేదాకా డెబియన్, ఉబుంటు యంత్రాలపై తయారైన తాళాలు ఊహించదగినవిగానే ఉండిపోయాయి. వాటిని మళ్లీ తయారుచేసుకోవలసి వచ్చింది.

విద్యార్థికి కావలసింది ఒక్క వరుసే: ప్రకటించిన చోటనే సున్నా ఇవ్వడం. జీసీసీ కంపైలర్‌లో ‘వాల్’ ఆప్షన్ పెడితే ఇలాంటి లోపాలను చాలావరకు అదే చెబుతుంది. 2022లో వచ్చిన జీసీసీ 12లో, విలువ ఇవ్వని స్థానిక వేరియబుల్స్‌ను కంపైలరే సున్నాతో నింపే సదుపాయం చేరింది. అయితే దానిని వాడినా హెచ్చరిక మాత్రం ఆగదు.