ఆ ఎర్ర ఇసుక వయసు నేనే చెరిపేశా!

ఆరో క్లాసులో ఉండగా నర్సీపట్నం నుంచి మమ్మల్ని భీమిలి పిక్నిక్‌కి తీసుకెళ్లారు. ఎర్రమట్టి దిబ్బల మీంచి జారుకుంటూ దిగి, వాటర్ బాటిల్ నిండా ఇసుక తెచ్చుకున్నా. అది ఇప్పటికీ మా షోకేసులో ఉంది. ‘ఇది ఎన్నేళ్ల నాటిదో?’ అని మొన్న వర్క్ ఫ్రమ్ హోమ్ మధ్యలో డౌటొచ్చింది. కాస్త చదివితే తెలిసిందేంటంటే... ఆ జవాబు బాటిల్లో లేదు. తెచ్చిన రోజే పోయింది!

ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు బుల్లి బ్యాటరీ లాంటిది. చుట్టూ మట్టిలో కొద్దికొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్‌తో మెల్లగా చార్జ్ అవుతుంది. ఎండ తగిలిందా, నిమిషాల్లో జీరో! గాలికి ఎగిరొచ్చే ఇసుకకి దారిపొడవునా ఎండే కాబట్టి, దిబ్బ మీద వాలేసరికి ఖాళీగా ఉంటుంది. పైన ఇంకో పొర కప్పేశాక మళ్లీ లెక్క మొదలు. ల్యాబ్‌లో దానిమీద నీలం రంగు కాంతి వేస్తే దాచుకున్న శక్తిని సన్నటి వెలుగుగా వదిలేస్తుంది. దాన్నిబట్టి మొత్తం అందిన రేడియేషన్ ఎంతో తేల్చి, ఏడాదికి అందేదాంతో భాగిస్తే వయసు వచ్చేస్తుంది. ఇదే ల్యూమినిసెన్స్ డేటింగ్. మన జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతం బూడిద కింది పొరకి సుమారు 77 వేల ఏళ్లనీ, పై పొరకి 74 వేల ఏళ్లనీ ఇలాగే లెక్కగట్టారు. 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

కానీ ఓ షరతుంది. పాతుకున్న రేణువు కదలకూడదు.

మా తాతయ్య జీడితోటలో పుట్టలు చూస్తే ఇదెంత కష్టమో అర్థమవుతుంది. చెదపురుగులు కింది మట్టిని రాత్రికి రాత్రే పైకి మోసుకొస్తాయి. అక్కడ ఎండ తగిలి జీరో అయిన రేణువు, వేరు కుళ్లిన కన్నంలోంచి మళ్లీ కిందికి జారిందనుకోండి. 20 వేల ఏళ్ల పొరలో వందేళ్ల రేణువు! అలాంటివి పదింట ఒకటున్నా సగటు 18 వేలకి పడిపోతుంది. అదే ఎండ చూడకుండా పాతది పైకొస్తే, పొర ఉన్నదానికంటే ముసలిదైపోతుంది. అందుకే అనుమానమున్న చోట ఒక్కో రేణువునీ విడిగా కొలుస్తారు. సగటుని నమ్మి మోసపోవడం మా సర్వర్ లాగ్స్‌లో నాకూ అలవాటే!

చీమలూ చెదలూ చేసే గందరగోళాన్ని లెక్కల్లో కొంతవరకు విడదీయొచ్చు. జేసీబీది కుదరదు. 2024 జులైలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వకాల వార్తలొచ్చినప్పుడు, ‘తవ్విన మట్టి మళ్లీ పోసేస్తే సరిపోదేంట్రా?’ అని ఫ్యామిలీ గ్రూపులో మా బావ అడిగాడు. సరిపోదు బావా. పొరలన్నీ కలిసిపోయాయి, రేణువులు ఎండ చూసేశాయి. శాంపిల్ తీసేవాళ్లయితే వెలుతురు చొరని గొట్టాన్ని గోడలోకి దిగ్గొట్టి, రెండు మూతలూ బిగించి, మసక ఎర్ర లైటు కిందే తెరుస్తారు. అంత జాగ్రత్త.

నా బాటిల్ని తీసుకెళ్లి అక్కడే పోసొద్దామా అనుకున్నా. పదిహేడేళ్లుగా వెలుతురు తిన్న ఇసుక అది. పోస్తే ఇంకో తప్పుడు డేటా కలిపినట్టే. షోకేసులోనే ఉంచేశా.