శీతకాలపు వాన – జలాశయపు మట్టము: రెండును రెండు లెక్కలు

స్వాతి, విశాఖ కార్తెలలో ఆకాశమువంక చూడని రైతు నెల్లూరు సీమలో ఉండడు. ఈ సీమలో సంవత్సరమంతటి వర్షములో సగముకంటె ఎక్కువ అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములవలననే కురియును. ఈ వాన వాయుగుండములను, తుపానులను ఆశ్రయించినది గనుక దానికి నిలకడ లేదు. 2015 నవంబరులో కుండపోతగా కురిసి ఊళ్ళను ముంచెత్తినది. మరుసటి యేడు, 2016లో, దక్షిణ భారతమున ఈశాన్య ఋతుపవనములు మిక్కిలి వెనుకబడినవి.

కరవు వరుసగా రెండు మూడేళ్ళు సాగినపుడు రైతునెదుట నిలుచు ప్రశ్న ఒకటే: ఈ యేడు వరినారు పోయవచ్చునా? దీనికి జవాబు చెప్పుటకు రెండు లెక్కలు కావలెను. ఒకటి మన ఊరి వాన లెక్క. రెండవది జలాశయపు మట్టపు లెక్క. ఒకదానిని చూచి రెండవదానిని ఊహించినవారు నారు, ఎరువు, కూలి అన్నియు నష్టపోవుదురు.

వాన లెక్క

"ఒక పదును వాన పడినది" అన్న మాట దుక్కికి చాలును గాని, లెక్కకు చాలదు. వర్షమాపకమును చెట్లకు, గోడలకు దూరముగా ఆరుబయట నిలిపి, ప్రతి ఉదయము 8-30 గంటలకు చూచి వ్రాయవలెను. వర్షమాపకము లేనిచోట అంచులు నిటారుగా ఉండి, అడుగు సమముగానున్న డబ్బాను ఉంచి, నిలిచిన నీటి లోతును స్కేలుతో కొలిచినను పని జరుగును. 2.5 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని పడిన దినమునే వాన దినముగా లెక్కింతురు. ఒక మిల్లీమీటరు వాన ఎకరమునకు సుమారు 4 వేల లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్లు పడినచో ఎకరమునకు లక్ష లీటర్లు.

అయితే పడిన వాన అంతయు చెరువు చేరదు. కరవు సాగినకొలది నేల ఎండి, మొదటి వానలను తానే త్రాగివేయును. మామూలు సంవత్సరములో చెరువుకు నీరు తెచ్చు వానయే మూడవ కరవు సంవత్సరములో చుక్క తేకపోవచ్చును. కావున చెరువు తూమువద్ద రాతిపై అడుగుల గుర్తులు పెట్టించి, వానతోపాటు ఆ మట్టమును కూడ వ్రాయుచుండవలెను.

మట్టపు లెక్క

సోమశిల జలాశయపు నిండుమట్టము 330 అడుగులు. అప్పుడు దానిలో నిలుచు నీరు సుమారు 78 టి.యం.సి. (ఒక టి.యం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు). ఈ నీరు నెల్లూరులో కురిసిన వాననీరు కాదు. పెన్న కర్ణాటకములోని నందికొండల ప్రాంతమున పుట్టి, అనంతపురము, కడప సీమల మీదుగా వచ్చును. శ్రీశైలమునుండి కృష్ణనీరు పోతిరెడ్డిపాడు తూముల ద్వారా, తెలుగుగంగ మార్గమున వచ్చును. కావున మన ఊర చెరువు అలుగు పారినను సోమశిల నిండకపోవచ్చును. మన ఊర చుక్క పడకున్నను అది నిండవచ్చును. కాలువక్రింది రైతు ఎగువ వానను, శ్రీశైలపు మట్టమును గమనింపవలెను. చెరువుక్రింది రైతు తన ఊరి వానను గమనింపవలెను.

మట్టమును అడుగులలో విని ఊరకుండరాదు. శ్రీశైలము 885 అడుగులవద్ద సుమారు 215 టి.యం.సి., 854 వద్ద 90, 834 వద్ద 54 మాత్రమే పట్టును. పైభాగమున ఒక అడుగు తగ్గినచో 4 టి.యం.సి. పోవును, అడుగుభాగమున 2 టి.యం.సి.కి లోపే. గిన్నె అడుగు ఇరుకు గదా! ఇంతేగాక, మట్టము 841 అడుగుల దిగువకు పడినచో పోతిరెడ్డిపాడు తూములకు నీరందదు. కంటికి కనబడు నీరంతయు కాలువకు వచ్చు నీరు కాదు.

పంటకు మిగులునది ఎంత?

ఉన్న నీటిలో తూమునకందని నీరు, ఆవిరియగునది, త్రాగునీటికి ఉంచవలసినది ముందు తీసివేయవలెను. 1983 ఒడంబడిక ప్రకారము చెన్నపట్టణమునకు ఏటా ఈయవలసిన 12 టి.యం.సి. కూడ సోమశిల, కండలేరుల మీదుగానే పోవును. ఇవి పోగా మిగిలినదే పంటకు. వరికి 120 సెంటీమీటర్ల నీరు కావలెననుకొన్నచో, కాలువలలో ఇంకిపోవునది విడిచినను, ఒక టి.యం.సి. 5,800 ఎకరములకు మాత్రమే చాలును. 50 సెంటీమీటర్లతో పండు ఆరుతడి పైరైనచో అదే నీరు 14 వేల ఎకరములకు చాలును. కరవు యేట మినుము, పెసర వేయుడని చెప్పుట ఇందుకే.

లెక్క అందరికి తెలియవలెను

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కూడ శీతకాలపు వానపైననే బ్రతుకు నగరము. 2015, 2016, 2017లలో వరుసగా మూడు శీతకాలములు అక్కడ వాన చాలలేదు. ఆ నగరమునకు నీరిచ్చు ఆరు జలాశయములు కలిసి నిండినను సుమారు 32 టి.యం.సి. మాత్రమే. నగరపాలకులు వారము వారము జలాశయముల మట్టమును ప్రకటించిరి. 2018 ఫిబ్రవరి 1 నుండి మనిషికి దినమునకు 50 లీటర్లు మించరాదనిరి. ఆ నెలలోనే ఎగువనున్న పండ్లతోటల రైతులు తమ వాటాలోనుండి ఒక కోటి ఘనపు మీటర్ల నీటిని నగరమునకు విడిచిరి. ఆ సంవత్సరపు వానలు వచ్చువరకు కుళాయిలు కట్టివేయవలసిన అవసరము రాలేదు. లెక్క బహిరంగముగా ఉన్నందుననే త్యాగము సాధ్యమైనది.

గ్రామోద్యోగులు ప్రతి సోమవారము ఊరి వాన, చెరువు మట్టము, జలాశయములోని నీరు – ఈ మూడింటిని, నిరుడు ఇదే వారపు అంకెలతోపాటు, గ్రామ సచివాలయపు బోర్డుపై వ్రాయింపవలెను. రైతులు అనూరాధ కార్తె వరకు ఆ అంకెలు చూచి, అప్పుడు నారుమడి సంగతి నిర్ణయించుకొనవలెను. వానను మనము తెప్పింపలేము. వచ్చినదానిని కొలిచి, కొలిచినదానికి తగిన పైరు వేయుట మన చేతిలోనిదే.