కొత్తగా బిగించిన పడవ మోటారు: మొదటి పది గంటలు

తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలకును, మోటారు తగిలించిన పడవలకును సముద్రపు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి పొందుటకై ఏర్పరచిన ఈ 61 దినములలోనే మన మత్స్యకారులు వలలు బాగుచేసికొందురు; అరిగిన మోటార్లను విప్పించి కొత్త పిస్టనులు, కొత్త రింగులు వేయింతురు. జూన్ 15వ తేదీ రాగానే అందరికిని తొందర. రెండు నెలలు రాబడి లేని ఇంటికి మొదటి వేట ఎంత ముఖ్యమో వేరుగ చెప్ప నక్కరలేదు. అయితే ఎంతో ఖర్చుపెట్టి బిగింపించిన మోటారు చిరకాలము మన్నుటకు గాని, నడిసముద్రమున ఆగిపోవుటకు గాని ఆ మొదటి రోజుల నడకయే చాలవరకు కారణము. అందుచేత పడవ వెనుక తగిలించు టూస్ట్రోకు మోటారును మొదట ఎట్లు నడపవలెనో, ఏల అట్లు నడపవలెనో ఇచట మనవి చేయుదుము.

ఇట్టి మోటార్లను జనసామాన్యమునకు అందుబాటులోనికి తెచ్చినవారిలో ఓలే ఎవిన్‌రూడ్ ప్రముఖుడు. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఈయన 1909లో మిల్వాకీ నగరమున వీని తయారీ ప్రారంభించెను. నాటికిని నేటికిని మోటార్ల శక్తి ఎన్నియో రెట్లు హెచ్చినను మూలసూత్రము మారలేదు. కారు ఇంజనులో వలె దీని అడుగున చమురు తొట్టి లేదు. పెట్రోలుతో కలిసి వచ్చు చమురే బేరింగులను, పిస్టనును తడిపి, తుదకు మండి పొగయై పోవును.

బోరు చేసిన సిలిండరు గోడ కంటికి నున్నగ కనబడును. కాని హోనింగు రాయి దానిపై ఒకదాని నొకటి ఖండించు సన్నని గీతలను విడిచియుండును. అవి లోపము కాదు, కావలెనని చేసినవి. వానియందు చమురు నిలుచును. వాని అంచులపై కొత్త రింగు ఒరసికొని, క్రమముగ గోడకు అమరును. మండిన వాయువు రింగు వెనుకకు చొచ్చి దానిని గోడకు అదుముటచేతనే ఈ అమరిక సిద్ధించును. ఇందు రెండు అపాయములు కలవు. మొదటి గంటలోనే పూర్తి వేగ మిచ్చినచో ఒరపిడి వేడికి పిస్టను ఉబ్బి గోడను పట్టివేయును. దీనినే మేస్త్రీలు ‘సీజు’ అందురు. అట్లని భయపడి గంటలకొలది బరువు లేకుండ నెమ్మదిగ తిప్పినచో, అదుము ఒత్తిడి చాలక గోడపై గాజువంటి నునుపు ఏర్పడి, రింగు సరిగ కుదురుకొనదు. నడుపవలసిన తీరు ఈ రెంటి నడుమ నున్నది.

మొదట చమురు సంగతి. సాధారణముగ 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు చమురు చాలు మోటార్లకు, ఈ పది గంటలు మాత్రము 25కు 1 చొప్పున కలుపుమని పలువురు తయారీదార్లు చెప్పుదురు. అనగా 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్లకు బదులు 400 మిల్లీలీటర్లు. మీ మోటారు పుస్తకములో వేరొక లెక్క యున్నచో అదియే ప్రమాణము. పడవ మోటార్లకై ప్రత్యేకించిన టి.సి.-డబ్ల్యు.3 గుర్తు గల చమురునే వాడవలెను. కారు ఇంజను చమురు పనికిరాదు. ఈ దినములలో పొగ ఎక్కువగుట, ప్లగ్గు నల్లబడుట సహజమే. పొగను చూచి చమురు తగ్గించుట పిస్టనుకు చేటు.

నీరు లేకుండ మోటారును ఒక్క నిమిషమైనను తిప్పరాదు. నీటి పంపులోని రబ్బరు చక్రమునకు నీరే కందెన. మోటారు కదలగనే ప్రక్కనుండి సన్నని నీటిధార వెలువడవలెను. రానిచో వెంటనే ఆపుడు. మొదటి పది నిమిషములు కనిష్ఠ వేగము. ఆ గంటలో మిగిలిన భాగము సగము వేగము, అనగా నిమిషమునకు సుమారు 3,000 చుట్లు. రెండవ గంట ముప్పాతిక వేగము, సుమారు 4,000 చుట్లు. తరువాతి ఎనిమిది గంటలలో పూర్తి వేగ మీయవచ్చును గాని, ఒక్కసారికి 5 నిమిషములకు మించరాదు. ఎప్పుడును ఒకే వేగమున నిలుపక పెంచుచు తగ్గించుచుండవలెను. పూర్తి వేగమున పోవుచు పెట్రోలును ఒక్కసారిగ తగ్గింపకుడు. చుట్లు తిరుగుచుండగనే చమురు రాక తగ్గిపోవును.

మోటారు తనంతట తానే వేగము తగ్గి, ధ్వని బరువెక్కినచో అది సీజుకు సూచన. వెంటనే వేగము తగ్గించి, ఆపి, పూర్తిగ చల్లారనీయవలెను. వేడిమీద త్రాడు లాగి బలవంతముగ తిప్పినచో గోడ గీరుకొనిపోవును.

ఈ పది గంటలలో దూరపు వేటకు పోవలదు. కెరటములు విరుగు చోట దాటుటకు పూర్తి బలము కావలసి వచ్చును గనుక, వీలయినంతవరకు ప్రశాంతమైన నీటిలోనే, మరియొక పడవ తోడుగ నడుపుడు. తెడ్లు, లంగరు, ఒక కొత్త ప్లగ్గు వెంట నుండవలెను. పది గంటలు నిండిన పిమ్మట మామూలు పాళ్లకు మరలి, ప్లగ్గు మార్చి, చల్లని మోటారుపై బోల్టుల బిగువు మేస్త్రీచే చూపింపుడు.

చివరగ ఒక్క మాట. ఒక పడవను పలువురు నడుపుచుందురు. యజమానికి తెలిసిన విషయము పిడి పట్టిన కుర్రవానికి తెలియకపోవచ్చును. నడిచిన గంటలను ఒక చిన్న పుస్తకములో నాటికి నాడు వ్రాసి పడవలోనే ఉంచినచో, ఎవరు నడపినను ఇంక ఎన్ని గంటలు మిగిలినవో తెలిసికొందురు.